ఇంటిపేరు లేని ఫంక్షన్లు

చిరంజీవులు పింకీకి, బుజ్జిగాడికి,

మొన్న ఫోన్లో అడిగారు కదా, మా స్టాటిక్ లైబ్రరీలో ఫంక్షన్లకి హిడెన్ అని పెట్టినా వాటి పేర్లు వేరేవాళ్ల పేర్లతో ఎందుకు గుద్దుకుంటున్నాయి మావయ్యా అని. అప్పుడు బస్సులో ఉన్నాను, సరిగ్గా చెప్పలేకపోయాను.

మీరు జీసీసీ కంపైలర్‌కి ఇచ్చిన ఆ విజిబిలిటీ హిడెన్ అనేది షేర్డ్ లైబ్రరీ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు విడిగా లోడయ్యేది) బయటికి ఏ పేర్లు కనపడాలో తేల్చడానికి. స్టాటిక్ లైబ్రరీకి ఆ "బయట" అనేదే లేదు. అది ఏఆర్ అనే టూల్ కట్టిన మూట, లోపల ఆబ్జెక్ట్ ఫైళ్లు (కంపైలై వచ్చిన ముక్కలు) ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి, అసలు లింకింగ్, అంటే ఆ ముక్కల్ని కలిపి ప్రోగ్రామ్ చెయ్యడం, జరిగేది మీ లైబ్రరీ వాడుకునేవాడి దగ్గర. అక్కడ లింకర్ కంటికి హిడెన్ ఫంక్షన్ కూడా గ్లోబలే, అంటే అన్ని ఫైళ్లకీ కనపడే పేరే.

నేను దీనికి రెండు రోజులు బలయ్యాను. మా కోడ్‌లో లాగ్_ఇనిట్ అని ఒకటుంది, బయటినుంచి కొన్న లైబ్రరీలోనూ అదే పేరుతో ఇంకొకటుంది. లింకర్ మూటలోంచి ఫైలు తీసేది ఇంకా దొరకని పేరేదైనా అందులో ఉంటేనే. మాది ముందే దొరికింది కాబట్టి వాళ్ల ఫైలు జోలికే పోలేదు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు! వాళ్ల కోడ్ వెళ్లి మా ఫంక్షన్‌ని రెండు ఆర్గ్యుమెంట్లతో పిలిచింది, మాది తీసుకునేది ఒకటే. మల్టిపుల్ డెఫినిషన్, అంటే ఒకే పేరు రెండుచోట్ల ఉంది అని లింకర్ అరిచి ఉంటే పావుగంటలో తేలిపోయేది.

ఒక ఫైల్లోనే వాడే ఫంక్షన్‌కి ముందు స్టాటిక్ అని పెట్టేయండి (ఇది సీ కీవర్డ్, స్టాటిక్ లైబ్రరీలో స్టాటిక్ కాదు), సీ ప్లస్ ప్లస్ అయితే పేరులేని నేమ్‌స్పేస్‌లో పడేయండి. మిగిలినవాటికి ఇంటిపేరు, అంటే మీ లైబ్రరీ పేరు, ముందు తగిలించండి, మన ఊళ్లో నలుగురు శ్రీనులుంటే చేసే పనే. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీ వాళ్ల ఫంక్షన్లు చూడండి, అన్నీ ఎస్‌క్యూలైట్3 అనే మొదలవుతాయి.

ఇంకా గట్టిగా కావాలంటే లినక్స్‌లో ఎల్‌డీకి (అదే లింకర్‌కి) మైనస్ ఆర్ ఇచ్చి ఫైళ్లన్నీ ఒకే ఆబ్జెక్ట్‌గా కలిపి, దానిమీద ఆబ్జ్‌కాపీతో (ఆబ్జెక్ట్ ఫైళ్లని మార్చే టూల్) లోకలైజ్ హిడెన్ నడపండి. మీరు పెట్టిన హిడెన్‌కి అప్పుడు విలువొస్తుంది, ఆ పేర్లు నిజంగానే లోకల్ అయిపోతాయి, ఆ ఆబ్జెక్ట్ దాటి కనపడవు. కాకపోతే ఇక అంతా ఒకే ముద్ద, ఒక్క ఫంక్షన్ కావాల్సినవాడికీ మొత్తం వచ్చి పడుతుంది, ఎగ్జిక్యూటబుల్ బరువెక్కుతుంది. చిన్న లైబ్రరీకి నేనైతే ఈ తంటా పడను, ఇంటిపేరుతో సరిపెడతాను.

ముందు మీ మూట మీద ఎన్ఎమ్ (లోపలి పేర్ల లిస్టు చూపించే టూల్) నడపండి. ఫంక్షన్ పేరు పక్కన పెద్ద టీ ఉంటే గ్లోబల్, చిన్న టీ అయితే లోకల్ (తాగే టీ కాదురా బుజ్జీ). పెద్ద టీల లిస్టు ఆదివారంలోగా నాకు వాట్సాప్ చెయ్యండి, అందులో ఇనిట్ అనే ఒంటి పేరు కనపడితే మాత్రం ఇద్దరికీ ఉంది.

ఆశీస్సులతో,
మీ మావయ్య