ఆక్యుపంక్చర్ కళాశాల చదువు: అపోహలు – వాస్తవాలు

ఆక్యుపంక్చర్, చైనా వైద్యం నేర్పే కళాశాలలో చేరాలనుకునేవారు నన్ను అడిగే ప్రశ్నల్లో చాలావరకు అపోహల మీద నిలబడినవే. చేరిన విద్యార్థులు కూడా వాటిలో కొన్నింటిని చదువు సగం దాటేదాకా వదులుకోరు. నేను చికిత్స చేస్తాను, శిక్షణ క్లినిక్‌లో విద్యార్థుల పనిని పర్యవేక్షిస్తాను. కొన్ని అపోహల వల్ల పెద్దగా నష్టం లేదు. కొన్నింటి వల్ల రోగి ప్రాణం మీదికి వస్తుంది. ఆ రెండో రకం గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: పాయింట్లు కంఠస్థం చేస్తే సగం చదువు అయిపోయినట్టే

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక జాబితాలో 361 పాయింట్లు, అంటే ఒంటి మీద సూది వేసే స్థానాలు, ఉన్నాయి. శ్రద్ధగా కూర్చుంటే వాటి పేర్లూ సంఖ్యలూ కొన్ని నెలల్లో నోటికి వస్తాయి. ఎదుటి మనిషి ఒంటి మీద అవి ఎక్కడున్నాయో వేలికి తెలియడానికి మాత్రం చాలా కాలం పడుతుంది.

ఇక్కడ సెంటీమీటర్లతో పని లేదు. 'త్సున్' అనే కొలత ఉంది, అది ఎవరి శరీరానికి వారిదే. మోచేతి మడత నుంచి మణికట్టు మడత వరకు ఎవరికైనా 12 త్సున్‌లు. బొటనవేలి వెడల్పు ఒకటి, నాలుగు వేళ్లు జోడిస్తే మూడు. ఆ వేళ్లు రోగివి, కొలిచేవారివి కావు. కొత్త విద్యార్థి తన వేళ్లతోనే కొలుస్తాడు, పెద్ద చెయ్యి ఉన్నవాడైతే పాయింట్ దాటిపోతాడు.

మోకాలి కింద ఉండే జుసాన్‌లీనే తీసుకోండి. మోకాలి చిప్ప కింద బయటివైపు ఉండే గుంట నుంచి మూడు త్సున్‌లు కిందికి, ముంగాలి ఎముక అంచు నుంచి ఒక వేలి వెడల్పు పక్కకు. పుస్తకంలో ఇంతే ఉంటుంది. తరగతిలో మేము ఇంకొకటి చేయిస్తాం. బల్ల మీద పడుకున్న తోటి విద్యార్థిని పాదం పైకి ఎత్తమని చెప్పి, ఎముక పక్కన కండరం ఉబికే చోట వేలు ఆనించమంటాం. పాదం వదులు చేయగానే కండరం మెత్తబడుతుంది, వేలి కింద చిన్న పల్లం తగులుతుంది. చర్మం మీద పెన్సిల్‌తో చుక్క పెట్టేది అప్పుడే. చూపు పుస్తకం మీదే ఉంచినవారికి ఆ పల్లం దొరకదు.

ఈ రకం పరీక్ష చాలా పాతది. సోంగ్ వంశపు రాజుల కాలంలో, 1027లో, వాంగ్ వేయీ అనే ఆస్థాన వైద్యుడు నిలువెత్తు కంచు బొమ్మలు పోత పోయించాడు. పాయింట్లు ఉన్నచోటల్లా రంధ్రాలు ఉండేవి. పరీక్ష నాడు బొమ్మకు మైనం పూసి లోపల ద్రవం నింపేవారట. సూది సరైన చోట దిగితే ద్రవం బయటికి కారేది, లేకపోతే సూదే దిగేది కాదు. వెయ్యేళ్ల కిందటి గురువులు కూడా విద్యార్థి ఎన్ని పేర్లు చెప్పగలడో చూసి ఊరుకోలేదు.

అపోహ: ఆధునిక వైద్యశాస్త్రం చదవనక్కరలేదు

అమెరికాలో గుర్తింపు పొందిన మాస్టర్స్ స్థాయి ఆక్యుపంక్చర్ కోర్సుకు నిర్దేశించిన కనీస బోధన 1,905 గంటలు. అందులో 660 గంటలు క్లినిక్‌లో, 450 గంటలు శరీర నిర్మాణం, రోగ విజ్ఞానం వంటి ఆధునిక వైద్య పాఠాలకు. మూలికా వైద్యం కూడా కలిపితే మొత్తం 2,625 గంటలు అవుతుంది. రెండు వారాంతాల శిక్షణ తర్వాత చేతికి వచ్చే ధ్రువపత్రాన్ని దీని పక్కన పెట్టి చూడండి.

అపోహ: నాడి పట్టుకుంటే రోగం మొత్తం తెలిసిపోతుంది

విద్యార్థులను అన్నిటికంటే ఎక్కువ ఆకర్షించేది, నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఈ అపోహే.

ప్రతి మణికట్టు మీదా మూడు స్థానాల్లో నాడి చూస్తాం. లీ షిజెన్ 1564లో రాసిన నాడీ గ్రంథంలో 27 రకాల నాడులు ఉన్నాయి: తేలేది, మునిగేది, జారేది, తీగలా బిగిసినది, ఇలా. వాటిని నేర్చుకోవడం నిజంగా ఆనందాన్నిచ్చే చదువు. కానీ ఒకే మణికట్టు పట్టుకుని ఇద్దరు అనుభవజ్ఞులు వేర్వేరు మాటలు రాయడం క్లినిక్‌లో మామూలే. మెట్లెక్కి వచ్చినవారి నాడి వేరు, కంగారులో ఉన్నవారి నాడి వేరు. నాలుక సంగతీ అంతే. కాఫీ తాగి వచ్చిన నాలుక మీది పూత రంగు చూసి రోగ నిర్ణయం చేయకూడదు.

చైనా వైద్యంలో పరీక్షలు నాలుగు: చూడటం, వినడం, అడగడం, తాకడం. వాసన పట్టడం కూడా వినడంతోనే కలిపి చెబుతారు. వీటిలో విద్యార్థులు తొందరగా దాటేసేది అడగడం. నిద్ర ఎలా పడుతోంది, చెమట ఎప్పుడు పడుతోంది, దాహం ఉందా, విరేచనం ఎలా ఉంది, నెలసరి ఎలా వస్తోంది, ఇవన్నీ సంప్రదాయం చెప్పిన ప్రశ్నలే. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, గర్భం ఉందా, గుండెలో పేస్‌మేకర్ ఉందా అనేవి ఈ కాలం చేర్చిన ప్రశ్నలు. గర్భిణులకు చేతి మీది హెగు, చీలమండ పైన ఉండే సాన్‌యింజియావ్ పాయింట్లను సంప్రదాయమే వద్దంటుంది. పేస్‌మేకర్ ఉన్నవారికి సూదులకు విద్యుత్తు కలపకూడదు. ఇవేవీ నాడి చెప్పదు.

నేను పర్యవేక్షిస్తున్న క్లినిక్‌కు ఒకసారి పిక్క నొప్పితో ఒకరు వచ్చారు. అంతకు ముందే సుదీర్ఘ విమాన ప్రయాణం చేశారు. కండరం పట్టేసిందని వారి నమ్మకం. విద్యార్థిని నాడి చూసింది, నాలుక చూసింది, పిక్క మధ్యలో ఉండే చెంగ్‌షాన్ పాయింట్‌తో మొదలుపెట్టాలని కాగితం మీద రాసుకుంది కూడా. సూది విప్పబోయే ముందు రెండు పిక్కల మీదా చేతులు ఉంచింది. ఒకటి వెచ్చగా ఉంది. టేపుతో రెండింటినీ ఒకే ఎత్తులో కొలిచింది, నొప్పి ఉన్న పిక్క చుట్టుకొలత స్పష్టంగా ఎక్కువ వచ్చింది. సూదుల పళ్లెం పక్కన పెట్టి నన్ను పిలిచింది. రోగిని వెంటనే ఆసుపత్రికి పంపించాం. లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందని అక్కడ తేలింది. ఆ రోజు ఆమె ఎవరికీ సూది వేయలేదు. ఆమె పనికి నేను ఇచ్చిన మార్కులు తరగతిలో అందరికంటే ఎక్కువ.

నడుము నొప్పితో వచ్చినవారికి మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా అక్కడితో మన పని ఆగిపోవాలి. జీవితంలో ఎన్నడూ ఎరగనంత తలనొప్పి హఠాత్తుగా వచ్చినా అంతే. ఇలాంటి లక్షణాల జాబితా ప్రతి విద్యార్థికీ పాయింట్ల కంటే ముందు నోటికి రావాలని నా పట్టుదల.

అపోహ: సూది సన్ననిది, ప్రమాదం ఉండదు

మామూలుగా వాడే ఆక్యుపంక్చర్ సూది మందం పావు మిల్లీమీటరు. రక్తం తీసే సూది దాదాపు దానికి మూడింతలు ఉంటుంది. అందువల్ల నొప్పి తక్కువ. చిన్న గొట్టంలోంచి సూదిని తట్టి దించే పద్ధతి వల్ల అది ఇంకా తగ్గుతుంది. ఈ పద్ధతిని 17వ శతాబ్దంలో జపాన్‌లో సుగియామా వాయిచి అనే చూపులేని వైద్యుడు వ్యాప్తిలోకి తెచ్చాడు. ఇప్పటి విద్యార్థులు చాలామంది మొదటి సూది ఆ గొట్టంతోనే వేస్తారు, అదీ ముందు తమ కాలికి.

కానీ సన్నని సూది కూడా లోతుగా దిగుతుంది. భుజం మీద జియాన్‌జింగ్ పాయింట్ ఉంది, మెడ పట్టేసినవారికి తరచూ వాడతారు. దాని కిందనే ఊపిరితిత్తి పైకొన ఉంటుంది. అక్కడ సూది నిటారుగా, లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడి ఛాతీలోకి గాలి చేరవచ్చు. ఇది అరుదు, కానీ జరిగిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. అందుకే అక్కడ కండరాన్ని వేళ్లతో పైకి పట్టుకుని, సూదిని ఏటవాలుగా, తక్కువ లోతులో వేయమంటాం.

ఆకలితో, అలసటతో వచ్చినవారు మొదటి సూదికే కళ్లు తిరిగి పడిపోవచ్చు. మొదటిసారి ఎవరినైనా పడుకోబెట్టి చేయడం అందుకే. ఇక లెక్క: వేసిన సూదులు ఎన్నో, తీసినవి ఎన్నో రెండూ కాగితం మీద రాయాలి. జుట్టులో దాగిన సూదిని ఇంటికి వెళ్లాక రోగి చేతితో కనుక్కోకూడదు.

అపోహ: మూలికలు సహజమైనవి, హాని చేయవు

1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే చికిత్సలో ఒక చైనా మూలికకు బదులు పేరులో పోలిక ఉన్న మరో మొక్క వేరు కలిసింది. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం వందమందికి పైగా మహిళల మూత్రపిండాలను దెబ్బతీసింది. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. ఈ ఉదంతం చెప్పకుండా నేను మూలికల పాఠం మొదలుపెట్టను. చైనా వైద్యపు మూలికా మిశ్రమాల్లో ఎక్కువగా కనిపించే అతిమధురం కూడా ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే రక్తపోటు పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. దాన్‌షెన్ అనే మూలిక వేరు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందుతో కలిస్తే రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది.

మరోవైపు చైనా శాస్త్రవేత్త తు యూయూ ఉంది. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ ఒక మూలికను మరిగించకుండా నీటిలో నానబెట్టి పిండమని రాశాడు. ఆ వాక్యం చదివి, వేడి వల్ల దాని గుణం పోతోందేమోనని ఆమె అనుమానించింది. తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసింది. మలేరియా మందు ఆర్టెమిసినిన్ అలా వచ్చింది, 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. పాత గ్రంథాన్ని అంత శ్రద్ధగా చదవడం, చదివినదాన్ని అంత కఠినంగా పరీక్షించడం, రెండూ నా విద్యార్థులకు రావాలని కోరుకుంటాను.

అపోహ: వేల ఏళ్లుగా ఏ మార్పూ లేకుండా వస్తున్న విద్య

కాదు. 1822లో చైనా చక్రవర్తి తన ఆస్థాన వైద్య సంస్థలో ఆక్యుపంక్చర్ బోధననే ఆపించాడు. ఈనాటి పాఠ్యక్రమానికి రూపం వచ్చింది 1950లలో. బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్‌దూలలో 1956లో పెట్టిన కళాశాలలు దానికి పునాది.

అపోహ: అన్ని రోగాలకూ పనిచేస్తుంది, అసలు దేనికీ పనిచేయదు

రెండూ ఒకే తరగతి గదిలో వినిపిస్తాయి. 2007లో జర్మనీలో వెలువడిన పరిశోధనలో నడుము నొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. ఆరు నెలల తర్వాత అసలు ఆక్యుపంక్చర్ పొందినవారిలో 47.6 శాతం, పాయింట్లు కాని చోట్ల పైపైన సూదులు వేసినవారిలో 44.2 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 27.4 శాతం మెరుగుపడ్డారు. మొదటి అంకెకూ మూడో అంకెకూ ఉన్న తేడా చూసి సంతోషించే విద్యార్థి, మొదటి అంకెకూ రెండో అంకెకూ మధ్య తేడా ఎంత తక్కువో కూడా చూడాలి. తర్వాత 2018లో 39 పరిశోధనల్లోని 20,827 మంది వివరాలను కలిపి విశ్లేషించారు. దీర్ఘకాలిక నొప్పుల్లో అసలు సూదులు ఉత్తుత్తి సూదుల కంటే మెరుగని అందులో తేలింది, కానీ ఆ తేడా పెద్దది కాదు. శస్త్రచికిత్స తర్వాత వచ్చే వికారానికి మణికట్టు దగ్గరి నెయ్‌గ్వాన్ పాయింట్ ఉపయోగపడుతుందని చెప్పడానికి మంచి ఆధారాలు ఉన్నాయి. క్యాన్సర్‌ను నయం చేస్తుందనడానికి ఆధారం లేదు. రోగి అడిగితే విద్యార్థి ఇదే స్పష్టతతో చెప్పాలి.

అపోహ: కళాశాల ఏదైనా ఒకటే

చేరే ముందు అక్కడి శిక్షణ క్లినిక్‌ను చూడనివ్వమని అడగండి. విద్యార్థి సూది వేసే ముందు పర్యవేక్షకులు రోగిని స్వయంగా చూస్తున్నారా, దూరం నుంచి సంతకం పెడుతున్నారా గమనించండి. సూదుల లెక్క రాసే గడి రోగి పత్రంలో ఉందా చూడండి. ఏ లక్షణాలు కనిపిస్తే రోగిని ఆసుపత్రికి పంపుతారో చివరి ఏడాది విద్యార్థిని అడగండి. వెంటనే, పుస్తకం తెరవకుండా సమాధానం వస్తే అక్కడ చేరవచ్చు.