మొదటి మూవ్ దొరికితే మేట్ దొరికినట్టేనా?

నేను పిల్లలకు చెస్ నేర్పుతాను. వారానికి ఒక ఫోనైనా వస్తుంది: "సార్, మావాడు యాప్‌లో రోజూ వంద పజిల్స్ చేస్తాడు, టోర్నమెంట్‌లో మాత్రం మేట్ మిస్సవుతున్నాడు." మేట్ అంటే చెక్ (కింగ్‌పై దాడి) నుంచి కింగ్ తప్పించుకోలేని స్థితి, ఆట అక్కడితో అయిపోతుంది. పక్కన కూర్చుని చూస్తే ఎప్పుడూ అదే సంగతి. చెక్ కనపడగానే నొక్కేస్తారు, తప్పని చూపిస్తే ఇంకోటి నొక్కుతారు.

అపోహ: మొదటి మూవ్ పడితే మిగతావి వాటంతటవే వస్తాయి.

రావండీ. ఫోర్స్‌డ్ మేట్ అంటే ఎదుటివాడు ఏం ఆడినా మేట్ కావాలి. యాప్ వాడి తరఫున ఒక్క జవాబే ఆడుతుంది, మిగతా జవాబులు మన కంటికే రావు. స్మదర్డ్ మేట్ తీసుకోండి, అంటే సొంత పావులే చుట్టూ అడ్డుపడి కింగ్ కదలలేక నైట్ చేతిలో మేట్ కావడం. బ్లాక్ కింగ్ జి8 (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస), రూక్ ఏ8, బంట్లు జి7, హెచ్7. వైట్ నైట్ జి5లో ఉంది, క్వీన్ సి4 నుంచి చెక్ ఇచ్చింది. యాప్ కింగ్‌ని హెచ్8కి జరుపుతుంది, తర్వాత నైట్ ఎఫ్7 చెక్, కింగ్ మళ్లీ జి8, నైట్ హెచ్6 డబుల్ చెక్ (రెండు పావులు ఒకేసారి చెక్), కింగ్ మళ్లీ హెచ్8, క్వీన్ జి8 సాక్రిఫైస్ (కావాలనే వదులుకోవడం), రూక్ తీసుకుంటే నైట్ ఎఫ్7 మేట్. పిల్లలు ఇది గడగడా చెప్పేస్తారు. "మరి మొదటి చెక్‌కి కింగ్ ఎఫ్8కి వెళ్తే?" అంటే మాట రాదు. క్వీన్ ఎఫ్7 మేట్, అంతే, కానీ ఆ ప్రశ్న వాళ్లకు ఎప్పుడూ ఎదురే కాలేదు.

నా దగ్గర నేర్చుకునే పాప ఒక టోర్నమెంట్‌లో క్వీన్ ఈ8 చెక్ ఆడింది. ఎదుటివాడి డి8 రూక్ ఆ క్వీన్‌ని తీసుకుంటే, తన ఈ1 రూక్‌తో తిరిగి తీసుకుని బ్యాక్ ర్యాంక్ మేట్ (కింగ్ చివరి వరుసలో ఇరుక్కున్నప్పుడు వచ్చే మేట్) అనుకుంది. బోర్డు అవతలి అంచున, ఏ3లో ఉన్న ఎదుటివాడి బిషప్ వెనక్కి వచ్చి ఎఫ్8లో అడ్డం కూర్చుంది. క్వీన్ పోయింది, గేమ్ పోయింది, బయటికొచ్చి చాలాసేపు ఏడ్చింది. నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే "త్వరగా చెయ్యి" అని వేగం అలవాటు చేసింది నేనే. అప్పటినుంచి మా క్లాసులో ప్రతి చెక్‌కీ మూడు ప్రశ్నలు: కింగ్ ఎక్కడికి పోగలదు, ఏది అడ్డం పెట్టగలరు, చెక్ ఇచ్చిన పావుని ఏది తీసుకోగలదు. మూడింటికీ జవాబు చెప్పాకే మౌస్ ముట్టుకోవాలి. రోజుకి పది పజిల్స్ చాలు.

పజిల్ రేటింగ్ పడిపోతోందని టెన్షన్ పడే తల్లిదండ్రులకు: అది యాప్ ఇచ్చే స్కోరే, ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ కాదు, పిల్లలను తిట్టకండి. "ఫలానా యాప్‌లో చేస్తేనే మెదడు పెరుగుతుంది" లాంటి వాట్సాప్ ఫార్వర్డులు దయచేసి నాకు పంపకండి.

ఇంకో అపోహ, మేట్ ఎప్పుడూ చెక్‌తోనే మొదలవుతుందన్నది. పాతకాలపు అమెరికన్ చెస్ దిగ్గజం పాల్ మార్ఫీదని చెప్పే పాత పజిల్‌లో అసలు పావులు ఇవి: వైట్ కింగ్ సి8, రూక్ ఏ1, బంటు బి6, బ్లాక్ కింగ్ ఏ8, బిషప్ బి8, బంట్లు ఏ7, బి7. రెండు మూవ్‌ల్లో మేట్. మొదటిది రూక్ ఏ6, చెక్ కాదు. బంటుతో రూక్‌ని తీసుకుంటే బి7 మేట్, బిషప్ ఎటు కదిలినా రూక్ ఏ7 తీసుకుని మేట్.