పట్టేసిన బోల్టు కోస్తే బండి పాడవుతుందా? అపోహలు - వాస్తవాలు

లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి కింది చట్రానికి కలిపే ఇనుప చెయ్యి) మార్చడానికి బండి లేపాక "బోల్టు రావట్లేదండీ, కోసి తీయాలి" అన్నామా, ఇక అంతే. యజమాని ముఖం మాడిపోతుంది. బావమరిదికి ఒక ఫోన్, పక్క షెడ్డుకి ఇంకో ఫోన్, ఈలోపు యూట్యూబ్. విశాఖలో, అదీ సముద్రం వైపు అపార్ట్‌మెంట్లలో బండి పెట్టుకునేవాళ్లతో ఈ గొడవ మాకు మామూలే. పాత బండికే ఇలా అవుతుందనుకోకండి, ఉప్పుగాలి తగిలితే బండి వయసు చూడదు. అమెరికాలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లలో ఉన్న మనవాళ్లకీ ఇదే బాధ.

అపోహ: బోల్టు కోస్తానన్నాడంటే మెకానిక్‌కి పని రాదు, లేదా బిల్లు పెంచుతున్నాడు.

జనానికి ఎక్కువ డబ్బు వదిలించేది ఈ నమ్మకమే. కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను.

ఆర్మ్ బండికి తగిలే చోట బుష్ అనే రబ్బరు దిమ్మ ఉంటుంది. దాని నడుమ ఇనుప గొట్టం, చుట్టూ రబ్బరు. బోల్టు ఆ గొట్టంలోంచి వెళ్లి అవతలి నట్టులో బిగుస్తుంది. చాలా బండ్లలో ఆ నట్టు విడిగా ఉండదు, సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌లు తగిలించే కింది చట్రం) లోపలే వెల్డింగ్ చేసి ఉంటుంది. బోల్టుకీ గొట్టానికీ మధ్య ఉన్న సన్నటి సందులోకి ఉప్పునీరు చేరి తుప్పు పడుతుంది. ఇనుము తుప్పుగా మారితే అంతకు కొన్ని రెట్లు చోటు కావాలి. ఆ సందులో అంత చోటు ఎక్కడిది? బోల్టూ గొట్టమూ ఒక్క ముక్కైపోతాయి. అంటే ఇక్కడ పట్టేసింది మరలు కాదు, బోల్టు ఒళ్లు. ఈ రెండూ వేరు వేరు జబ్బులు.

మీ బండికి ఏది పట్టిందో తేల్చడం తేలిక. బోల్టు తల మీదా, పక్కన బ్రాకెట్ మీదా కలిసేలా సుద్దతో ఒక గీత గీయమనండి. పొడవాటి పైపు తగిలించి నెమ్మదిగా తిప్పితే గీత కొంచెం జరుగుతుంది. చెయ్యి వదలగానే మళ్లీ వెనక్కి వచ్చేసిందా? మెలి తిరిగింది రబ్బరు. బోల్టు గొట్టాన్ని వదల్లేదు. అక్కడితో ఆపేయాలి.

ఆపకుండా ఇంపాక్ట్ గన్ (దెబ్బలు కొడుతూ బోల్టు తిప్పే మెషీను) పెట్టి దడదడలాడిస్తే రెండిట్లో ఒకటి జరుగుతుంది. బోల్టు తల తెగుతుంది, లేదా లోపలి నట్టు వెల్డింగ్ ఊడిపోయి బోల్టుతో పాటే గిరగిరా తిరుగుతుంది. ఆ నట్టును పట్టుకోవడానికి దారి ఉండదు. సబ్‌ఫ్రేమ్‌కి కిటికీ కోసి, నట్టు పట్టి, మళ్లీ వెల్డింగ్ చేయాలి. కొన్ని బండ్లకి సబ్‌ఫ్రేమే మార్చాలి. బోల్టుతో పోయేది సబ్‌ఫ్రేమ్ దాకా వస్తుంది.

వానాకాలంలో ఒక రిటైర్డ్ మాస్టారి బండి సరిగ్గా ఇలాగే వచ్చింది. వేరేచోట "కోయడానికి వీల్లేదు" అని ఆయనే పట్టుబట్టారట, వాళ్లు గన్ వేశారట. మా దగ్గరికి వచ్చేసరికి నట్టు లోపల తిరుగుతోంది. పాపం, ఆయన కుర్చీలో కూర్చుని "ఇక ఇది రోడ్డెక్కదా బాబూ?" అని అదే మాట అడుగుతూనే ఉన్నారు. "ఎక్కుతుంది మాస్టారూ, కంగారు పడకండి" అని టీ తెప్పించి, కిటికీ కోసి తీశాం. బండి బాగానే ఉంది. కానీ ముందే బోల్టు కోసుంటే అయ్యే ఖర్చుకీ, అప్పుడైన ఖర్చుకీ పొంతనే లేదు.

కోయడమంటే ఏదిపడితే అది కోయడం కాదు. ఎలాగూ కొత్త ఆర్మ్ వేస్తున్నాం కాబట్టి పాత బుష్ పోయినా బెంగ లేదు. నట్టు వైపు బ్రాకెట్‌కి ఆనించి కోయకూడదు, బుష్ గొట్టంతో కలిపి కాస్త లోపలికి కోయాలి. అప్పుడు పట్టుకోవడానికి ఒక ముక్క మిగులుతుంది. ఆర్మ్ బయటికి వచ్చేశాక ఆ ముక్కకి ఆయిల్ కొట్టి, నట్టు చుట్టూ వేడి చేసి, గ్రిప్ ప్లయర్‌తో కొంచెం బిగించి కొంచెం వదులుతూ తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. పోయింది బోల్టు ఒక్కటే. చక్రాల అలైన్‌మెంట్ సరిచేయడానికి పెట్టిన క్యామ్ బోల్టు అయితే కోసేముందు దాని స్థానం గుర్తు పెట్టుకోవాలి, తర్వాత అలైన్‌మెంట్ ఎలాగూ తప్పదు.

అపోహ: డబ్ల్యూడీ-40 కొడితే ఏదైనా వస్తుంది. మరలు పట్టేస్తే, రాత్రంతా నానితే, ఇలా సందుల్లోకి దిగే పెనెట్రేటింగ్ ఆయిల్ ఏదైనా ఎంతోకొంత సాయం చేస్తుంది. గొట్టం పొడవునా పట్టిన తుప్పులోకి అది పోదు. వాట్సాప్‌లో తిరిగే కూల్‌డ్రింక్ చిట్కా గురించి నన్ను అడగొద్దు.

అపోహ: గ్యాస్ పెట్టి కాలిస్తే సరి. బయట కనిపించే నట్టుకైతే మంచి పద్ధతే, బోల్టుని కాక నట్టుని వేడి చేయాలి. బుష్ దగ్గర పెడితే రబ్బరు అంటుకుంటుంది, పక్కనే బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు, కొన్ని బండ్లకి సీఎన్‌జీ పైపు. షాక్ అబ్జార్బర్‌ని మాత్రం పొరపాటున కూడా కాల్చొద్దు, లోపల ఆయిలూ ఒత్తిడితో గ్యాసూ ఉంటాయి, పేలుతుంది. బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెట్టడం ఇంకా ప్రమాదం. క్లోరిన్ ఉన్న రకమైతే వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

అపోహ: అదే సైజు బోల్టు బజార్లో ఏదైనా చాలు. తల మీద అంకెలు చూడండి. 10.9 అంటే చదరపు మిల్లీమీటరుకి సుమారు 100 కిలోల లాగుడు తట్టుకునేది, 8.8 అంటే దాదాపు 80. ఏ అంకే లేని బోల్టు సస్పెన్షన్‌కి వద్దు. గొట్టంలో ఉండే భాగం మరలు లేకుండా నున్నగా ఉండాలి, మొత్తం మరలున్న బోల్టు పనికిరాదు.

అపోహ: గ్రీజు దండిగా పూస్తే మళ్లీ పట్టదు. నున్నటి ఒళ్లుకి పల్చగా పూయండి. మరలకి పూసి అదే టార్క్‌తో (తిప్పే బలంతో) బిగిస్తే బోల్టు మీద లాగుడు లెక్కకి మించి పడుతుంది. బండి మాన్యువల్ పూయమంటేనే మరలకి పూయాలి.

బిగింపు విషయం కూడా చెప్పాలి. బండి గాల్లో ఉండగా బుష్ బోల్టు పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేలకి ఆని, బరువు పడ్డాకే చివరి టార్క్. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి కొత్త బుష్ కూడా త్వరగా చిరుగుతుంది.

మెకానిక్ కోస్తానంటే "వద్దు" అనే ముందు "కొత్త బోల్టు, నట్టు చేతిలో ఉన్నాయా?" అని అడగండి. ఈ బోల్టులు షాపుల్లో చాలాసార్లు స్టాకుండవు, ఆర్డర్ పెట్టాలి. అవి వచ్చాక కోయమనండి, లేదంటే బండి ర్యాంపు మీదే ఉండిపోతుంది.