అవతలి ఒడ్డు లేని వంతెన

చిరంజీవులు మనవడికీ, మనవరాలికీ,

తాతయ్య దీవెనలు. మొన్న వీడియో కాల్‌లో నా వెనకాల ఉన్న వంతెన చూసి "అవతలి ఒడ్డేది తాతయ్యా?" అని అడిగారు కదా. గాలి హోరులో నేను చెప్పింది మీకు వినబడలేదు. అందుకే ఈ ఉత్తరం.

దాన్ని పియర్ అంటారు. ఒడ్డు నుంచి నీళ్లలోకి వెళ్లి అక్కడే ఆగిపోయే వంతెన, దానికి అవతలి ఒడ్డు ఉండదు. లండన్‌కి తూర్పున, థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట సౌతెండ్ అనే ఊరుంది. ఆదివారం అత్త, మావయ్య, పిల్లలతో కలిసి పులిహోర డబ్బా పట్టుకుని అక్కడికెళ్లాం. తీరా చూస్తే సముద్రమే లేదు! కనుచూపు మేరా బురద. పడవలన్నీ దాంట్లో ఓ పక్కకి ఒరిగి కూర్చున్నాయి.

అదంతా ఆటు మహిమ. మన కాకినాడలో ఆటుకీ పోటుకీ తేడా మనిషెత్తు కూడా ఉండదు. అక్కడ పెద్ద పోటప్పుడు ఐదు మీటర్ల పైమాటే. పైగా తీరం పళ్లెంలా చదునుగా ఉంటుంది కాబట్టి, ఆటులో నీళ్లు మైలు దూరం వెనక్కి పోతాయి. మరి లండన్ నుంచి పడవల్లో షికారుకొచ్చే జనం దిగేదెలా? మన దగ్గరా తీరం లోతు తక్కువే. అందుకే పెద్ద ఓడలు దూరంగా లంగరేస్తే, బార్జీలనే సరుకు పడవల్లో సామాను తెచ్చుకునేవాళ్లం. కాకినాడ యాంకరేజి పోర్టులో ఇప్పటికీ అంతే. వీళ్లు మాత్రం ఓడ దగ్గరికి వంతెనే పట్టుకుపోయారు. 1830లో కర్రతో కట్టారు. అది పొట్టిదైపోయి, ఆటు సమయంలో పనికిరాలేదు. దాన్ని పొడిగించుకుంటూ పోయారు. 1889లో ఇనప స్తంభాల మీద కొత్తది కట్టారు. ఇప్పుడు పొడవు 2.16 కిలోమీటర్లు. షికారు పియర్లలో ప్రపంచంలో ఇదే పొడుగు.

దాని మీద చిన్న రైలు కూడా ఉంది. వెళ్లేటప్పుడు మాత్రం నడుద్దామన్నాను (తర్వాత మోకాళ్లు తిట్టాయి). అడుగున చెక్క పలకలు. పలకకీ పలకకీ మధ్య వేలు దూరేంత సందు. అందులోంచి చూస్తూ నడిచాను. ముందు గులకరాళ్లు, తర్వాత పక్షుల కాళ్ల గుర్తులున్న బురద, చాలాసేపటికి సన్నటి నీటి పాయలు, చివర్లో ముదురు రంగు నీళ్లు. ఆ సందుల్లోంచే గాలి పైకి తన్ని ప్యాంటు బుడగలా ఉబ్బుతోంది.

ఈ పియర్ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. 1976లో, 2005లో కొస కాలిపోయింది. చుట్టూ నీళ్లుండగా మంటలేమిటని మీకనిపిస్తుంది, నడిచేదంతా ఎండిన చెక్క మీదే కదా. 1986లో ఒక ఓడ వచ్చి గుద్ది, వంతెనని కొసకి దగ్గర్లో తెంపేసింది. ఎన్నిసార్లు పాడైనా బాగుచేసుకున్నారు. ఇప్పుడు జనం దిగడానికి కాదు, ఊరికే నడవడానికి.

కొసన కూర్చుని చిప్స్ కొనుక్కున్నాం. వేడి బంగాళాదుంప ముక్కల మీద వెనిగర్ పోసి ఇస్తారు. నాకంతగా నచ్చలేదు గానీ, సముద్రపు కాకికి బాగా నచ్చినట్టుంది. భుజం వెనక నుంచి వచ్చి, నా చేతిలోని ముక్క తన్నుకుపోయింది. పులిహోర డబ్బా మూత గట్టిది కాబట్టి బతికిపోయాం.

సాయంత్రం రైల్లో వెనక్కొస్తూ కిందికి చూశాను. బురద లేదు. పొద్దున ఒరిగి పడున్న పడవలన్నీ లేచి నిలబడి, నీళ్ల మీద ఊగుతున్నాయి.

మీ
తాతయ్య