కార్డు వచ్చాక కనిపించకుండా పోయిన పీహెచ్‌సీ

బకాయిలు తీర్చకపోతే ఆరోగ్యశ్రీ కార్డు మీద నగదు రహిత వైద్యం ఆపేస్తామని, ఆ పథకంలో చేరిన ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు అంటాయి. ప్రభుత్వం కొంత సొమ్ము విడుదల చేస్తుంది. కొన్నాళ్లకు మళ్లీ అదే మాట. 2024 మేలో ఇదే జరిగింది, 2025 అక్టోబరులో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. చర్చ మళ్లీ లేచేసరికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రోగుల బంధువులు అడిగేది ఒకటే: "కార్డు పడుద్దా?" జబ్బేమిటన్నది ఆ తర్వాతి మాట.

శ్రీకాకుళం తీరాన ఉద్దానంలో ఊరూరా కిడ్నీలు పాడవుతున్న కథ ఇక్కడ మళ్లీ చెప్పడం లేదు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల గురించి పేపరు చదివేవాళ్లందరికీ తెలుసు. కార్డు తొలిదశలోనే శ్రీకాకుళానికి వచ్చిన సంగతి మాత్రం చాలామంది మరిచిపోయారు.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది మూడే జిల్లాల్లో: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. వలసలు, కరవు, పేదరికం పేరు చెబితే ముందు గుర్తొచ్చే జిల్లాలు అవి. అంతకుముందు గుండె ఆపరేషన్ కావాలంటే ఎమ్మెల్యే దగ్గర ఉత్తరం రాయించుకుని, ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకుని, హైదరాబాద్ నుంచి కబురు కోసం కూర్చోవాలి. ఆ అర్జీల కుప్పలోంచే ఈ పథకం పుట్టింది. తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో యాభై వేలు. గుండె, మెదడు, క్యాన్సర్, కిడ్నీ, కాలిన గాయాలు, ఇలా ప్రాణం మీదికొచ్చేవి అందులో ఉన్నాయి. అప్పటికి శ్రీకాకుళంలో మెడికల్ కాలేజీ లేదు, రిమ్స్ వచ్చింది 2008లో. గుండె కోసి కుట్టే ఆసుపత్రి కావాలంటే విశాఖ వెళ్లాల్సిందే. ఇచ్ఛాపురం నుంచి అది రెండొందల కిలోమీటర్ల పైమాట. మంచం పట్టినవాళ్లు లేచి తిరిగారంటే ఆ కార్డు చలవే, అందులో సందేహం లేదు.

అయితే దారి మళ్లింది కూడా అక్కడే. రాసుకున్న పద్ధతి ప్రకారం రోగి ముందు దగ్గర్లోని పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గానీ ప్రభుత్వాసుపత్రికి గానీ వెళ్లొచ్చు. అక్కడ రోగికి దారి చూపే పథకం మనిషి, ఆరోగ్యమిత్ర ఉంటారు, రెఫరల్ కార్డు రాస్తారు, దాంతో నెట్‌వర్క్ ఆసుపత్రికి వెళ్లాలి. అదే పథకంలో ఇంకో అంశమూ ఉంది: నెట్‌వర్క్ ఆసుపత్రులు పల్లెల్లో ఉచిత వైద్య శిబిరాలు పెట్టాలి. ఆ శిబిరాలే అసలు తలుపులయ్యాయి. స్కూలు ఆవరణలో షామియానా, బీపీ మిషను, ఈసీజీ, సాయంత్రానికి "మీకు ఆపరేషన్ పడుతుంది, కార్డు తెచ్చుకోండి" అన్న కబురు. ఆసుపత్రి తనే ఊరికి వచ్చి పిలుస్తుంటే, నాలుగు కిలోమీటర్లు నడిచి పీహెచ్‌సీలో ఓపీ చీటీ రాయించుకునేదెవరు? మా ఊరి శిబిరం నాకు బాగా గుర్తు. మా పెదనాన్న గుండెలో దడ అని వెళ్లి విశాఖ తేదీ పట్టుకుని వచ్చాడు. ఆయన బీపీ మాత్రలు ఆపేసి అప్పటికి ఆరు నెలలైందని శిబిరంలో ఎవరూ అడగలేదు.

2008 జులైకి పథకం విజయనగరంతో సహా రాష్ట్రమంతా పాకింది, జబ్బుల జాబితా 942కి చేరింది. ఆ తర్వాత ఆరోగ్యశ్రీ అన్నారు, ఎన్టీఆర్ వైద్య సేవ అన్నారు, మళ్లీ ఆరోగ్యశ్రీ, మళ్లీ వైద్య సేవ. జనానికి మాత్రం అది "కార్డు". పరిమితి ఐదు లక్షలైంది, 2023 డిసెంబరులో పాతిక లక్షలైంది. ఎంత పెరిగినా అది బెడ్డు మీద పడుకున్నవాడి కార్డే. ఓపీలో చూపించుకునే జ్వరానికి, విరేచనాలకు, షుగరుకు, కీళ్ల నొప్పికి పనికిరాదు. మనిషి ఏడాదిలో ఎక్కువసార్లు పడేది ఆ చిన్న జబ్బులతోనే. పెద్ద జబ్బుకు విశాఖ, చిన్న జబ్బుకు వీధి చివర ఆర్‌ఎంపీ అని లెక్క స్థిరపడిపోయింది. మధ్యలో ఉన్న పీహెచ్‌సీ టీకాలకు, కాన్పుల నమోదుకు పరిమితమైంది.

పీహెచ్‌సీల్లో పనిచేసినవాళ్లు చెప్పేది ఇదే, వాళ్ల మాట ఇన్నాళ్లూ ఎవరూ సరిగా వినలేదు. మైదానంలో 30 వేల జనాభాకు, కొండ ప్రాంతంలో 20 వేలకు ఒక పీహెచ్‌సీ ఉండాలి. అక్కడ మలేరియా పరీక్ష ఉచితం, పాము కాటు మందు ఉంటుంది, బీపీ, షుగరు మాత్రలు ఇస్తారు. వరి కోతల కాలంలో పాము కరిచినవాణ్ణి కూడా కారెక్కించి నేరుగా విశాఖ వైపు తీసుకుపోవడం ఈ జిల్లాల్లో చూస్తూనే ఉన్నాం. దారిలో పోయేది సమయం. గుండెపోటులోనూ అంతే. రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ బయట కొంటే వేలల్లో అవుతుంది, ఏరియా స్థాయి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేస్తున్నారు. టెక్కలి దాటేసి, శ్రీకాకుళం దాటేసి, హైవే మీద విశాఖ చేరేలోపు ఆ మందు పనిచేసే గంటలు కరిగిపోతాయి. 108కి ఫోన్ చేస్తే ముందు దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉందో చూస్తుంది. సొంత కారుకు ఆ సంగతి తెలీదు.

ఉద్దానం కథలో ఎక్కువగా చెప్పుకోని ముక్క కూడా ఇక్కడే ఉంది. కిడ్నీ పాడవుతున్నా మొదట్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు. సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షల్లోనే బయటపడుతుంది. అది చిన్న ఆసుపత్రి పని. నడుము నొప్పికి వారానికో పెయిన్‌కిల్లర్ ఇంజెక్షన్ వేసే చోట ఆ పరీక్ష ఉండదు, పైగా ఆ ఇంజెక్షన్లే బలహీనపడ్డ కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. కార్డు పనికొచ్చే రోజు వచ్చేసరికి మనిషి డయాలసిస్ కుర్చీలో ఉంటాడు, వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. 2019 నుంచి డయాలసిస్ రోగికి నెలకు పది వేల పింఛను ఇస్తున్నారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, దానితోపాటు హిరమండలం నుంచి తాగునీటి పథకం ప్రారంభించారు. అవి అవసరమే. కాకపోతే రెండు పరీక్షలు పదేళ్ల ముందే ఊళ్లో చేసి ఉంటే ఆ కుర్చీ ఎందరికి తప్పేదన్నది ఎవరూ లెక్కేయని ప్రశ్న.

ఊరికి దగ్గరగా వైద్యం తెచ్చే ప్రయత్నాలు జరగలేదని కాదు. 104 బండి నెలకోసారి వచ్చి షుగరు, బీపీ మందులిచ్చేది, ముసలివాళ్లు ఆ తేదీని పింఛను తేదీలా గుర్తుపెట్టుకునేవారు. 2023 ఏప్రిల్లో ఫ్యామిలీ డాక్టర్ విధానం కింద పీహెచ్‌సీ డాక్టరు నెలకు రెండుసార్లు ఊరి క్లినిక్‌కు రావాలన్నారు. ప్రభుత్వం మారితే బోర్డు మారింది, బండి రంగు మారింది.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ప్రబలింది. మృతుల సంఖ్య మీద ప్రభుత్వానిది ఒక లెక్క, ప్రతిపక్షానిది మరో లెక్క. ఆ గొడవలో పోయిన మాట ఏమిటంటే, ఆ జబ్బుకు కావాల్సింది శుభ్రమైన నీళ్లు, మొదటి రోజే ఓఆర్‌ఎస్, నీరసిస్తే దగ్గర్లోనే సెలైన్. 2025 చివర్లో స్క్రబ్ టైఫస్ పేరు వినగానే మళ్లీ అంతే టెన్షన్. పొదల్లో ఉండే నల్లి లాంటి పురుగు కుట్టడంతో వస్తుంది, కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ పడొచ్చు, డాక్సీసైక్లిన్ అనే చవక మందుతో తగ్గుతుంది. జ్వరం వచ్చిన మూడో రోజుకల్లా ఒంటి మీద మచ్చ ఉందేమో చూసే డాక్టరు దగ్గరికి వెళ్తే సరిపోయేది, పది రోజులు ఇంజెక్షన్లు పొడిపించుకున్నాక ఐసీయూ దాకా వెళ్తోంది.

ఇక నేటి తగవు. ఆసుపత్రుల వాదన సూటిగా ఉంది: బకాయిలు నెలల తరబడి పేరుకుంటున్నాయి, ఒక్కో చికిత్సకు కట్టే ప్యాకేజీ రేట్లు ఖర్చులకు తగ్గట్టు లేవు, జీతాలు ఆగవు. ప్రభుత్వం విడతలవారీగా ఇస్తామంటోంది. పైగా 2025 సెప్టెంబరులో బీమా కలిపిన కొత్త విధానానికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు భరిస్తాయట. కొత్తది అంటున్నారు గానీ 2007లో శ్రీకాకుళంలో పథకం మొదలైందే ఒక బీమా కంపెనీ చేతుల మీదుగా. ట్రస్టు నేరుగా పగ్గాలు పట్టింది ఆ తర్వాతే.

సమ్మె జరిగినప్పుడు ఆగేది ప్రైవేటు నెట్‌వర్క్‌లో కార్డు మీద వైద్యం. పలాస, సోంపేటల ప్రభుత్వ డయాలసిస్ కేంద్రాలు, శ్రీకాకుళం రిమ్స్, 2023లో 150 సీట్లతో మొదలైన విజయనగరం ప్రభుత్వ మెడికల్ కాలేజీ, కాన్పులకు ఘోషాసుపత్రి, చీపురుపల్లి, బొబ్బిలి, రాజాం ప్రభుత్వాసుపత్రులు నడుస్తూనే ఉంటాయి.