వీణ పెట్టె కొనేముందు: అపోహలు, వాస్తవాలు

వీణలకు మేళం కట్టడం, అంటే మైనం పోసి మెట్లు నిలపడం, విరిగినవి అతకడం నా పని. మరమ్మతుకు వచ్చే వాటిలో వాయించి పాడైనవి తక్కువ, ప్రయాణంలో పాడైనవే ఎక్కువ. వాటిలో చాలావాటికి ఖరీదైన పెట్టెలే ఉంటాయి.

అపోహ: పెట్టె ఎంత గట్టిదైతే వీణ అంత భద్రం.

ఒకావిడ అమెరికా నుంచి వస్తూ వీణ వెంట తెచ్చుకున్నారు. ఫైబర్ పెట్టె, పైన ఒక్క గీత లేదు. తెరిచి చూస్తే యాళి ముఖం, అంటే వీణ కొసన చెక్కిన సింహం లాంటి తల, అతుకు దగ్గర ఊడి, తీగలకు వేలాడుతోంది. లోపల తల వైపు నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ ఉంది. ఎక్కడో పెట్టెను నిలువుగా దించి ఉంటారు. అంత బరువైన వీణ జారి తలతో గోడకు గుద్దుకుంది. పెట్టె దెబ్బ తినలేదు, తిన్నది వీణ.

వీణ ఆనాల్సింది కుండ (గుండ్రటి పొట్ట) అడుగున, దండి (పొడవాటి మెడ) కింద రెండు చోట్ల. బిరడాలు (తీగలు బిగించే చీలలు), గుర్రం (కుండ మీద తీగలు ఆనే వంతెన), మెట్లు (తీగను నొక్కి స్వరం పలికించే పట్టీలు) దేనికీ తగలకూడదు. కొనేముందు మా ఇంట్లో ఒక పరీక్ష చేయిస్తాను. బిరడాల కొసలకు, గుర్రం దగ్గర తీగల మీద కాస్త ముగ్గుపిండి రాసి, మూత మూసి, గొళ్లేలు బిగించి మళ్లీ తెరవండి. మూత గుడ్డకో పక్కగోడకో తెల్లమరక అంటిందా, ఆ పెట్టె మీ వీణది కాదు. అంటకపోతే ఒక చివర జానెడెత్తు లేపి మెల్లగా దించండి. లోపల 'టక్' మని వినిపిస్తే ఖాళీ ఉన్నట్టే.

చేత్తో చెక్కిన ఏ రెండు వీణలూ ఒక కొలతవి కావు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనసదుంగ నుంచి తీసిన ఏకాండి వీణకూ, అతుకుల వీణకూ కుండ లోతులో తేడా వస్తుంది. ఆన్‌లైన్‌లో సైజు చూసి తెప్పించుకోకుండా, పెట్టె చేసేవాడి దగ్గరికి వీణనే తీసుకెళ్లండి.

అపోహ: స్పాంజి ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది.

పరుపు స్పాంజి మీద బరువైన కుండ కూర్చుంటే అది అప్పడంలా అణిగిపోతుంది. కుదుపుకి అణగడానికి ఇంకేం మిగలదు. బొటనవేలితో గట్టిగా నొక్కండి, అడుగు చెక్క తగిలితే కుండ కింద అది వద్దు. అక్కడ గట్టి ఫోమ్ షీటు వేయించి, మెత్తది మూతకు వాడండి. మన ఉక్కకు చవక స్పాంజి కొన్నేళ్లకే జిగురు కారి పాలిష్‌కు అంటుకుంటుంది. దాన్ని గోకి తీయడం నా పనుల్లో నాకు అసలు నచ్చనిది.

అపోహ: పెట్టెలో ఉందిగా, కారులో వదిలితే ఏమవుతుంది?

నాకు ఎక్కువ పని తెచ్చిపెట్టేది ఇదే. 24 మెట్లూ నిలబడేది తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి పోసిన మేళం మీద. తేనెమైనం 62-64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మెత్తబడటం అంతకు చాలా ముందే మొదలవుతుంది. మే నెలలో విజయవాడలో ఎండన నిలిపి అద్దాలు బిగించిన కారు లోపల ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. నల్ల ఫైబర్ పెట్టె అయితే ఇంకా వేగంగా కాగుతుంది. మెట్టు కరిగి పడిపోనక్కర్లేదు, ఒకవైపు వెంట్రుకవాసి కుంగితే చాలు, గాంధారం గాంధారంలా పలకదు. కచేరీకి ముందు భోజనానికి ఆగితే పెట్టెను కూడా లోపలికి తీసుకెళ్లండి. హోటల్‌వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. పెట్టె రంగు ఎంచుకునే వీలుంటే తెలుపో, లేత బూడిదరంగో తీసుకోండి.

అపోహ: విమానం ఎక్కించేముందు తీగలన్నీ విప్పేయాలి.

గుర్రాన్ని పట్టి ఉంచేది తీగల బిగువే. పూర్తిగా విప్పితే అది కదిలి పలక మీద దొర్లుతుంది. శ్రుతి ఒకటి రెండు స్వరాలు దించితే సరిపోతుంది. దండి కింద మరతో బిగించిన బుర్ర ఉంటే దాన్ని మాత్రం విప్పి, చీరలోనో శాలువాలోనో చుట్టి విడిగా పెట్టండి.

'ఫ్రాజైల్' స్టిక్కర్ మీద నమ్మకం పెట్టుకోకండి, కన్వేయర్ బెల్టుకు చదువు రాదు. మామూలు చెకిన్ సామానుకు చాలా విమాన సంస్థలు పెట్టిన పరిమితి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు. వీణ పెట్టె పొడవొక్కటే అందులో చాలాభాగం తినేస్తుంది. టికెట్ కొనేటప్పుడే పెద్ద సామాను గురించి అడిగి, పెట్టెను ఆ కౌంటరులోనే చేతికివ్వండి.

నీళ్లు చొరబడని పెట్టె అంటే అందరికీ మోజు. రబ్బరు సీలు బయటి తేమను ఆపినట్టే లోపలి తేమనూ ఆపేస్తుంది. కాకినాడ వానాకాలపు గాలి లోపలుండగా మూత బిగిస్తే ఆ చెమ్మ వీణతోనే ప్రయాణిస్తుంది. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేయండి, నీలిగుళికలు గులాబీ రంగుకు తిరిగితే మార్చండి.

తాతల నాటి వీణ మీద దంతపు పని ఉంటే పెట్టె సంగతి తరవాత చూసుకోవచ్చు. ఏనుగు దంతం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తుంది, దేశం దాటించబోతే కస్టమ్స్‌లో వీణే ఆగిపోవచ్చు. అలాంటిదాన్ని ఇంట్లోనే ఉంచి, ప్రయాణానికి వేరే వీణ తీసుకెళ్లమంటాను.