ఊపిరితిత్తుల్లో రక్తానికి అడ్డదారి: అపోహలు, వాస్తవాలు

నేను ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్‌ని. సూది, సన్నని గొట్టం, ఎక్స్‌రే తెర, ఇవే నా పనిముట్లు. వాటితో నేను మూసే జబ్బుల్లో పల్మనరీ ఏవీఎం ఒకటి. మామూలుగా ఊపిరితిత్తుల్లో ధమని వెంట్రుక కన్నా సన్నని కేశనాళికలుగా చీలుతుంది. రక్తం అక్కడ ఆక్సిజన్ తీసుకుని సిరలోకి వెళ్తుంది. ఏవీఎం ఉన్నచోట కేశనాళికలు ఉండవు, ధమని నేరుగా సిరలోకే తెరుచుకుంటుంది.

అపోహ: ఆయాసమే లేదు, ట్రీట్‌మెంట్ ఎందుకు?

నేను వినేవాటిలో అన్నిటికన్నా ప్రమాదమైన మాట ఇదే. నిజానికి చాలామందికి ఆయాసం ఉండదు. కానీ కేశనాళికలు జల్లెడ పని కూడా చేస్తాయి. కాళ్ల సిరల్లోంచి వచ్చే చిన్న రక్తపు గడ్డలు, చిగుళ్ల నుంచి రక్తంలో చేరిన బ్యాక్టీరియా అక్కడ ఆగిపోతాయి. జల్లెడ లేకపోతే అవి గుండె ఎడమవైపుకి, అక్కడి నుంచి మెదడుకి పోతాయి. పక్షవాతం రావచ్చు, మెదడులో చీముగడ్డ కట్టవచ్చు. బీపీ, షుగర్ లేని చిన్న వయసువాళ్లకు పక్షవాతం వస్తే ఊపిరితిత్తుల్నీ ఒకసారి చూడాలి. ఏవీఎంకి వెళ్లే ధమని 2–3 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే లక్షణాలు లేకపోయినా సాధారణంగా మూసేస్తాం.

అపోహ: ముక్కులోంచి రక్తం కారితే వేడి చేసినట్టే.

ఎండాకాలంలో ఎప్పుడో ఒకసారైతే సరే. ఏళ్ల తరబడి కారుతూ, నాన్నకో మేనత్తకో కూడా అలాగే ఉండి, పెదాల మీదా నాలుక మీదా ఎర్రని చుక్కలు కనిపిస్తే మాత్రం మజ్జిగతో సరిపెట్టుకోకండి. అది హెచ్‌హెచ్‌టీ అనే వంశపారంపర్య జబ్బు కావచ్చు. పల్మనరీ ఏవీఎంలలో ఎక్కువ భాగం ఇది ఉన్నవాళ్లలోనే చూస్తాం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. అందుకే పేషెంట్ వెంట వచ్చినవాళ్ల ముక్కుల గురించి కూడా అడుగుతాను. మొదట నవ్వుతారు, తర్వాత ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు.

అపోహ: ఎక్స్‌రేలో మచ్చంటే టీబీయే.

మన దగ్గర ఆ అనుమానం సహజమే. అయితే ఏవీఎం కూడా గుండ్రటి మచ్చలా కనిపిస్తుంది. బయాప్సీ అని దాంట్లో సూది గుచ్చితే రక్తం ఆగకపోవచ్చు. ముందు సీటీ తీస్తే మచ్చలోకి వచ్చే నాళం, పోయే నాళం తెలిసిపోతాయి.

అపోహ: ఛాతీ కోసి ఊపిరితిత్తి ముక్క తీసేయాలి.

ఒకప్పుడు అంతే. 1970ల చివరి నుంచి దారి మారింది. గజ్జల దగ్గర సిరలోంచి కాథెటర్ అనే సన్నని గొట్టాన్ని గుండె కుడి గదుల మీదుగా ఊపిరితిత్తుల ధమనిలోకి పంపి, ఏవీఎంకి వెళ్లే కొమ్మని కాయిల్స్‌తోనో (సన్నని లోహపు తీగ చుట్టలు), ప్లగ్‌తోనో (బిరడా లాంటిది) మూసేస్తాం. పెద్దవాళ్లకు చాలావరకు సూది గుచ్చే చోట మత్తు చాలు. అసలేమీ ఉండదని చెప్పను. కొందరికి కొన్నాళ్లపాటు ఊపిరి పీల్చినప్పుడల్లా పొడిచినట్టు నొప్పి ఉంటుంది. కాయిల్ జారిపోవడం అరుదు, కానీ జరగొచ్చు. అందుకే సైజు ఎంచుకునేటప్పుడు నేను గదిలో ఎవరితోనూ మాట్లాడను.

అపోహ: మూసేశారు, ఇక మర్చిపోవచ్చు.

మూసిన నాళం మళ్లీ తెరుచుకోవచ్చు, మూయకుండా వదిలిన చిన్న ఏవీఎంలు పెరగొచ్చు. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఒక సీటీ, తర్వాత 3–5 ఏళ్లకోసారి. జల్లెడ లేని దారి ఎక్కడో మిగిలి ఉండొచ్చు కాబట్టి, పన్ను పీకించుకునే ముందు యాంటీబయాటిక్ గురించి అడగండి. సెలైన్ ఎక్కిస్తుంటే గొట్టంలో గాలి బుడగ లేకుండా చూడమని నర్సుకి చెప్పండి. చాదస్తం అనుకున్నా పరవాలేదు.